గూడబాతు ఫోటోలో కనబడని ముద్ర: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 5, 2025, ఆదివారం

పొద్దున్నే అక్క ఒక ఫోటో పంపింది. తెనాలి అవతల ఎవరిదో ఎరువుల కొట్టు, గోడకి వేలాడుతున్న కొత్త క్యాలెండరు. పైన కొట్టు పేరు, ఫోన్ నంబర్లు. కింద తిథులు, వర్జ్యాలు. మధ్యలో గూట్లో పిల్లకి మేత పెడుతున్న గూడబాతు. ఆ గూడబాతు మా బావది.

అంటే బావ తీసిన ఫోటో. తెనాలిలో బావకి స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీ ఫంక్షన్లు కడుపు నింపుతాయి. ఖాళీ దొరికిందంటే ఉప్పలపాడు చెరువు గట్టు మీద తేలతాడు. గుంటూరు పక్కనే ఉన్న ఆ ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. ఈ ఒక్క ఫోటో కోసం మూడు ఆదివారాలు నిలబడ్డాడు. కుడివైపు కింద మూలన స్టూడియో పేరు తెల్లక్షరాలతో వేసుకున్నాడు కూడా. క్యాలెండరులో ఆ మూల లేదు. సుబ్బరంగా కత్తిరించేశారు.

అచ్చు వేసినవాళ్లని అడిగితే "నెట్‌లో దొరికింది సార్, మీదని మాకేం తెలుసు?" అన్నారట.

"నీకు కంప్యూటర్ వచ్చు కదా బామ్మర్దీ. ఫోటోలో కనబడకుండా పేరు దాచే పద్ధతేదో ఉందంట, చూడు" అన్నాడు బావ ఫోన్లో. నేను హైదరాబాదులో టెస్టింగ్ ఉద్యోగం చేస్తాను. ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష బాగానే వచ్చు. సిగ్నల్ ప్రాసెసింగ్ బీటెక్కులో పాసై, ఆ మర్నాడే మర్చిపోయిన సబ్జెక్టు. సరే, ఆదివారాలు దీనికే అనుకున్నాను.

ఇలా దాచే గుర్తుని ఈ డైరీలో వాటర్‌మార్క్ అనే రాస్తాను. 'నీటిగుర్తు' అంటే నాకు మా వంటింటి గోడ మీద వాన కారిన మరకే గుర్తొస్తుంది.

జనవరి 6

ముందు తేలిక దారి చూశాను. ఫోటో ఫైల్లోనే ఎక్సిఫ్ అని ఒక చీటీ ఉంటుంది. కెమెరా మోడలు, తేదీ, తీసినవాడి పేరు అన్నీ అందులో రాసుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ చీటీ మొత్తం ఊడిపోయింది. డాక్యుమెంటుగా పంపితే ఉంది. గుడ్‌మార్నింగ్ ఫోటోని డాక్యుమెంటుగా పంపేవాడు ఈ భూమ్మీద లేడు. వదిలేశాను.

జనవరి 8, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చాక రెండు గంటలు కూర్చున్నాను. ఈ దారిలో అడుగుపెట్టిన ప్రతివాడూ మొదట చేసే పనే నేనూ చేశాను: ప్రతి పిక్సెల్లో నీలం విలువ తాలూకు చివరి బిట్టుని వాడుకోవడం. 0 నుంచి 255 దాకా ఉండే అంకెలో 142ని 143 చేస్తే ఏ కంటికీ ఆనదు. ఆ చివరి బిట్లలో స్టూడియో పేరుని తెలుగులోనే మళ్లీ మళ్లీ రాసుకుంటూ పోయాను. తిరిగి చదివిస్తే అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. మా ఆవిడని పిలిచి చూపించాను.

"ఏం కనబడట్లేదు" అంది.

"అదే కదా గొప్ప" అన్నాను.

ఆ గొప్ప పావుగంట నిలిచింది. అదే ఫోటోని ఆవిడ ఫోనుకి వాట్సాప్ చేసి, తిరిగి నాకు పంపించుకున్నాను. 6000×4000 వెళ్లింది, 1600×1067 తిరిగొచ్చింది. మళ్లీ పెద్దది చేసి బిట్లు చదివితే నూటికి యాభై ఒప్పు, యాభై తప్పు. బొమ్మా బొరుసా వేసుకున్నా అంతే వస్తుంది.

జనవరి 12, ఆదివారం

ఎందుకు పోయిందో తెలుసుకోవడానికే ఈ రోజంతా పట్టింది. తెలిశాక నామీద నాకే నవ్వొచ్చింది.

వాట్సాప్ ఫోటోని కుదించేది జేపెగ్ అనే పద్ధతిలో. అది ఫోటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 వెలుగు విలువల్ని డీసీటీ అనే లెక్కతో వేరే 64 అంకెలుగా మారుస్తుంది. మొదటి అంకె ఆ గడి సగటు వెలుగు. దాని పక్కవి మెల్లగా మారే ఛాయలు. చివరివి సన్నని గరుకుదనం. తర్వాత ఒక్కో అంకెని ఒక పట్టికలోని అంకెతో భాగించి, దగ్గర్లోని పూర్ణాంకానికి సర్దేస్తుంది. ప్రామాణిక పట్టికలో మొదటి వరుస 16, 11, 10, 16, 24, 40, 51, 61. సన్నని వివరాల వైపు వెళ్లేకొద్దీ మొత్తం మీద భాజకం పెద్దదవుతుంది, కన్ను వాటిని అంతగా పట్టించుకోదు గనక.

ఇప్పుడు నా బిట్టు సంగతి. ఒక పిక్సెల్లో నేను 1 కలిపితే ఆ 64 అంకెల్లో దేనికీ పావుకి మించి చేరదు. పావుని 16తో భాగించి పూర్ణాంకం చెయ్యమంటే సున్నా. సంతలో బేరం తెగాక చిల్లర కొట్టేసినట్టు కొట్టేస్తుంది. కంటికి ఆననిదాన్ని వెతికి పారెయ్యడమే జేపెగ్ పని. నేను పట్టుబట్టి సరిగ్గా అక్కడే దాచాను.

దీనికి విరుగుడు 1997లో ఇంగెమార్ కాక్స్, మరో ముగ్గురు కలిసి రాసిన పేపర్లో దొరికింది. దాచాల్సింది చెత్తబుట్ట పక్కన కాదు, ఫోటోకి ప్రాణమైన చోట అంటారు వాళ్లు. గళ్లుగా కొయ్యకుండా మొత్తం ఫోటోకి ఒకటే డీసీటీ కట్టాలి. సగటుని వదిలేసి, మిగతావాటిలో అన్నిటికన్నా పెద్దవైన 1000 అంకెల్ని తీసుకుని, ఒక్కోదాన్ని కాస్త పెంచడమో తగ్గించడమో చెయ్యాలి. దేన్ని ఎంత మార్చాలో ఒక రహస్య తాళం నుంచి పుట్టిన 1000 యాదృచ్ఛిక సంఖ్యలు చెబుతాయి. ఆ మార్కు తీసెయ్యాలంటే ఆ పెద్ద అంకెల్ని చెడగొట్టాలి. వాటిని చెడగొడితే ఫోటోలో మిగిలేది ఏమీ ఉండదు. మన పదకర్తలు చేసింది ఇదే కదా అనిపించింది. కాగితం మూలనున్న సంతకాన్ని చింపెయ్యొచ్చు, చరణంలో కలిసిపోయిన ముద్రని తీస్తే చరణమే కుంటుతుంది.

ఈ పద్ధతిలో పేరు అంటూ ఏదీ తిరిగి చదవం. "ఈ తాళం తాలూకు మార్కు ఇందులో ఉందా" అని కాపీని ఒరిజినల్‌తో పోల్చి అడిగితే ఒక స్కోరు వస్తుంది, అంతే. మార్కు లేకపోతే స్కోరు సున్నా చుట్టుపక్కల తిరుగుతుంది, మూడు దాటడమే అరుదు. గీత 6 దగ్గర గీశారు. కాకతాళీయంగా 6 దాటాలంటే దాదాపు వంద కోట్లలో ఒక్కసారి. చెక్కుచెదరని కాపీలో 1000కి వర్గమూలం, అంటే 31కి అటూ ఇటూ వస్తుంది.

బావకి ఇదంతా చెబితే "అంటే నా పేరు కనబడదా?" అని నీరుగారిపోయాడు.

జనవరి 14, సంక్రాంతి, తెనాలి

అరిసెలు తింటూ కోడ్ రాయకూడదు. కీబోర్డు నూనె.

బావకి మొదటి మార్కు వేసిన ఫోటో పెద్ద స్క్రీన్ మీద చూపించాను. బావ ముక్కు స్క్రీన్‌కి ఆనించి చూసి, "బామ్మర్దీ, గూడబాతుకి చుక్కలు ఉండాల్సింది ముక్కు మీద. మెడ మీద కాదు" అన్నాడు.

నిజమే. తెల్లటి ఈకల్లో ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు. గంట వెతికితే దొరికింది. మార్కు తాలూకు తేడాని ఫోటోకి కలిపేటప్పుడు నేను ఎనిమిది బిట్ల పెట్టెలోనే కూడుతున్నాను. తెల్ల ఈక దగ్గర విలువ 254. దానికి 3 కలిపితే 257 కాదు, 1. ఆటో మీటరు తొమ్మిదులు దాటాక సున్నాకి తిరిగినట్టు తెలుపు కాస్తా నలుపైపోయింది. ముందు దశాంశాల్లో కూడి, 0 కింద, 255 పైన కత్తిరించి, ఆ తర్వాతే ఎనిమిది బిట్లకి మార్చాలి. నాకు తెలియని సంగతి కాదు. తెలిసి చేసిన తప్పుకి మందు లేదు.

చుక్కలు పోయాక కూడా బావ వదల్లేదు. "ఇక్కడ ఆకాశంలో మబ్బేంటి? ఆ రోజు మబ్బు లేదు." ఆత్రంలో మార్కు బలం, అంటే అంకెల్ని ఎంత మేర కదిలించాలో అది, 0.2 పెట్టాను. ఫోటో అంతటా పరుచుకునే పెద్ద అలల్ని కదిలిస్తున్నాం గనక నున్నటి ఆకాశంలో అది పలచని మబ్బులా తేలింది. 0.1కి దించితే బావ కళ్లకి కూడా దొరకలేదు. ఇరవై ఏళ్లు పెళ్లికూతుళ్ల మొహాలు సవరించిన కళ్లవి. నా దృష్టిలో ఏ కొలమానం కన్నా గట్టి పరీక్ష.

భోజనాల దగ్గర బావ ఐదొందల నోటు తీసి వెలుతురుకి పట్టి, పక్కన ఖాళీ జాగాలో గాంధీని మా మేనకోడలికి చూపిస్తూ "మీ మావయ్య ఇలాంటిది చేస్తున్నాడు" అని చెప్పాడు. పోలిక అంత కుదరదు. నోటులో ఉన్నది అందరూ చూసి నమ్మడానికి. మనది తాళం ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ కనబడకూడదు. అయినా ఆ పిల్ల ముందు దిద్దబుద్ధి కాలేదు.

జనవరి 15, కనుమ

చిన్న అడ్డంకి, రాసి పెట్టుకోవాలి. 6000×4000 మొత్తానికి డీసీటీ కట్టడం దండగ. 1600 వెడల్పుకి తగ్గించి, అక్కడ మార్కు కట్టి, వచ్చిన తేడాని మాత్రం పెద్దది చేసి అసలు ఫోటోకి కలిపితే చాలు. కానీ 1600కి తగ్గిస్తే ఎత్తు 1067. ఓపెన్‌సీవీ అనే ఫోటో లెక్కల లైబ్రరీలోని డీసీటీకి బేసి కొలతలు పనికిరావు, మొహమాటం లేకుండా ఎర్రర్ ఇచ్చింది. 1066 చేశాను. అయిపోయింది.

జనవరి 19, ఆదివారం

ఈ వారం పోయిన జుట్టు తిరిగి రాదు.

తెనాలిలో మార్కు వేసిన పన్నెండు ఫోటోల్ని హైదరాబాదు వచ్చాక పరీక్షించాను. స్కోర్లు: 0.4, మైనస్ 1.1, 0.9... ఒక్కదాంట్లోనూ మార్కు లేదు. తెనాలిలో ఇవే ఫోటోలు 31 చూపించాయి. బావ ముందు, అక్క ముందు, నా కళ్లతో చూశాను. ఫైళ్లు పాడయ్యాయా? కాపీ చేసేటప్పుడు ఏదైనా మారిందా? పెన్‌డ్రైవు మీద కూడా అనుమానపడ్డాను.

నాలుగో రోజు రాత్రి దొరికింది. తాళం కోసం నేను బావ స్టూడియో పేరుని పైథాన్ సొంత హాష్ ఫంక్షన్‌కి ఇచ్చి, వచ్చిన సంఖ్యని ఆ యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే విత్తనంగా వాడాను. హాష్ అంటే ఏ అక్షరాలిచ్చినా ఒక సంఖ్యగా మార్చే లెక్క. పైథాన్ 3.3 నుంచి ఆ ఫంక్షన్ భద్రత కోసం అక్షరాల విషయంలో ప్రతిసారీ కొత్త ఉప్పు, అంటే ఒక యాదృచ్ఛిక సంఖ్య, కలుపుతుంది. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెడితే అదే పేరుకి వేరే సంఖ్య. తెనాలిలో మార్కు వెయ్యడం, చూడటం ఒకే ఊపులో చేశాను కాబట్టి తాళం సరిపోయింది. లాప్‌టాప్ ఆపిన క్షణాన ఆ తాళం గాల్లో కలిసిపోయింది.

ఎస్‌హెచ్‌ఏ-256 అనే హాష్‌కి మారాను. అది ఏ మిషన్లోనైనా, ఎన్నేళ్లకైనా అదే జవాబిస్తుంది. పన్నెండు ఫోటోలకీ మళ్లీ మొదటి నుంచి. టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ, మార్కు వేసే ప్రోగ్రామూ చూసే ప్రోగ్రామూ విడివిడిగా నడిపి చూడలేదని ఆఫీసులో ఎవరికీ చెప్పను.

జనవరి 26, ఆదివారం

జెండా వందనం చూసొచ్చి కూర్చున్నాను. వాట్సాప్ పరీక్ష, రెండోసారి. ఫోటో వెళ్లింది, చిన్నదై వచ్చింది, 1600×1066కి సర్ది చూశాను. 25.3.

లేచి రెండు అడుగులు వేశాను. చివరి బిట్టు పద్ధతికి బొమ్మా బొరుసా వచ్చిన చోట ఇది 25. పోలిక కోసం తప్పుడు తాళాలు వెయ్యి ఇచ్చి చూస్తే ఒక్కటీ నాలుగు దాటలేదు.

తర్వాత ఆ క్యాలెండరు వాళ్లు చేసినట్టే కుడి పక్క, కింద పక్క కత్తిరించి ఇచ్చాను. 0.9.

మార్కు పోలేదు, ఉన్న చోటు తప్పింది. మొత్తం ఫోటో కొలతల మీద కట్టిన లెక్క ఇది. కొలత మారితే ఏ అంకె ఎక్కడుందో దీనికి తెలియదు. ఈ రంగంలో పాత తలనొప్పే. 1997లో ఫాబియన్ పెటిట్‌కోలాస్ స్టిర్‌మార్క్ అనే ప్రోగ్రాం వదిలాడు. కంటికి తెలియనంత కాస్త వంచి, కాస్త సాగదీసి, మళ్లీ జేపెగ్ చేస్తే చాలు, అప్పటి మార్కుల్లో చాలావాటికి దారి తప్పిపోయింది.

నాకున్న సుఖం ఏంటంటే ఒరిజినల్ మా దగ్గరే ఉంది. దొరికిన కాపీనీ ఒరిజినల్‌నీ పక్కపక్కన పెట్టి, రెండింట్లో ఒకేలా ఉన్న బిందువుల్ని (ముక్కు కొస, గూటి పుల్లలు, కంటి అంచు) కలిపితే కాపీని తిరిగి సరైన చోటికి లాగొచ్చు. దీనికి సిఫ్ట్ అనే పద్ధతి వాడాను. 2020లో దాని పేటెంటు తీరిపోయింది, ఇప్పుడు ఓపెన్‌సీవీలో ఉచితంగానే ఉంది. గూటి పుల్లలు ఎంత మేలు చేశాయో చెప్పలేను. నున్నటి ఆకాశంలో పట్టుకోవడానికి ఒక్క బిందువు దొరకదు, గూట్లో వందల కొద్దీ దొరికాయి. కాపీని లాగి కూర్చోబెట్టి, కత్తిరించిన మేర ఒరిజినల్‌తో పూడ్చి చూస్తే 17.2. ఫోన్ స్క్రీన్‌షాట్ కూడా ఇచ్చాను, పైన బ్యాటరీ గుర్తుతో సహా. 14.8.

ఫిబ్రవరి 2, ఆదివారం

అసలు దొంగతనం జరిగింది కాగితం మీద కదా. బావ 12×8 ప్రింటు వేయించి, గోడకి మేకు కొట్టి వేలాడదీసి, ట్యూబులైటు కింద ఫోన్‌తో ఫోటో తీసి పంపాడు. కొంచెం పక్కకి నిలబడి, కావాలనే. పైన ట్యూబులైటు మెరుపు ఒక చార.

2.1. సిఫ్ట్ బాగానే కూర్చోబెట్టింది, రెండూ ఒకదాని మీద ఒకటి వేస్తే గూటి పుల్ల గూటి పుల్ల మీదే పడింది. కానీ సిరా, కాగితం, ట్యూబులైటు కలిసి వెలుగునీడల్ని మొత్తం మార్చేశాయి. ఆ పెద్ద మార్పు ముందు మన చిన్న మార్పు ఎక్కడ వినబడుతుంది, పెళ్లి బాజాల్లో గుసగుసలాగా. కాపీలోని వెలుగు పంపకాన్ని ముందు ఒరిజినల్‌తో సరిపోల్చి దిద్దాక 8.4. గీత దాటింది. బొటాబొటీ అయినా దాటింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

బావ ఒక ప్రశ్న అడిగాడు. నెల రోజులుగా నేను అడుక్కోవాల్సిన ప్రశ్న.

"మార్కు ఉందో లేదో చూడాలంటే నా ఒరిజినల్ కావాలంటున్నావు. ఒరిజినల్ నా దగ్గరుంటే ఫోటో నాదేనని తెలిసిపోయింది కదా? మరి ఈ మార్కు ఎందుకు?"

కాసేపు మాట్లాడలేదు నేను. బావ చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు బావ కెమెరా వరసగా తీసిన రా ఫైళ్లలో (కెమెరా రాసిన ముడి ఫైళ్లలో) ఆ క్యాలెండరు ఫోటోకి ముందు ఆరు, తర్వాత తొమ్మిది ఉన్నాయి. పిల్ల నోరు తెరవడం, తల్లి గొంతు సంచిలోకి పిల్ల తల దూర్చడం, తీయడం. నెట్‌లో జేపెగ్ ఎవడికైనా దొరుకుతుంది. ఆ పక్క ఫ్రేములు ఎక్కడ దొరుకుతాయి? ఏ వాటర్‌మార్కూ ఇంత గట్టిగా మాట్లాడదు. నిజానికి ఆ వారంలోనే బావ లాప్‌టాప్ పట్టుకెళ్లి ఆ పదహారు ఫ్రేముల్నీ ప్రింటింగ్ వాళ్ల ముందు తిప్పి చూపించాడు. వాళ్లు నోరు మెదపలేదు. "వచ్చే ఏడు మీ పేరు వేస్తాం సార్" అన్నారు. వచ్చే ఏడు కూడా వాడుకుంటారని అప్పుడే తెలిసింది.

కానీ రా ఫైళ్లు చెప్పలేనిది ఒకటుంది. ఫోటో ఎటునుంచి బయటికి పోయింది? బావ దాన్ని నలుగురికి ఇచ్చాడు. ఒకరు ఎగ్జిబిషన్ కోసం అడిగారు, ఒకరు పత్రిక కోసం, ఒకరు ట్రావెల్స్ బ్రోచర్ కోసం, ఒకరు ఊరికే. నలుగురికీ వెళ్లింది ఒకటే ఫైలు. ఒక్కొక్కరికి ఒక్కో తాళంతో వేరే మార్కు వేసి ఇస్తే, బయట దొరికిన కాపీ మీద నాలుగు తాళాలూ వేసి చూడొచ్చు. ఏది 6 దాటితే ఆ కాపీ కారింది.

ఈ రాత్రి నుంచి ప్రాజెక్టు పేరు మార్చాను. 'ఎవరిది' అని ఉన్న ఫోల్డరు ఇప్పుడు 'ఎవరి చేతిలోంచి'.

ఫిబ్రవరి 16, ఆదివారం

'ఎవరిది' అంత తేలిగ్గా వదలలేదు. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడికి మార్కు వేసిన ఫోటో ఒకటి ఇచ్చి, "దొంగిలించు చూద్దాం" అన్నాను. మార్కు చెరుపుతాడనుకున్నా. వాడు చెరపలేదు. వాడిదొకటి పుట్టించాడు.

వాడు చేసింది ఇదీ. సొంతంగా ఒక తాళం, ఒక మార్కు తయారుచేసుకుని, నేనిచ్చిన ఫోటోకి దాన్ని కలపకుండా అందులోంచి తీసేశాడు. తీసేయగా వచ్చినదాన్ని "ఇదీ నా ఒరిజినల్" అన్నాడు. ఇప్పుడు వాడి ఒరిజినల్‌తో పోల్చి చూస్తే బయట తిరుగుతున్న ఫోటోలో వాడి మార్కు 31. నా ఒరిజినల్‌తో పోలిస్తే నా మార్కూ 31. సరే, వాడి ఒరిజినల్లో నా మార్కు ఉంటే దొంగ దొరికినట్టే కదా అని చూశాను. 22. చూశావా అన్నాను. వాడు నవ్వి నా ఒరిజినల్‌ని వాడి ప్రోగ్రాంలో పెట్టాడు. నా సొంత ఒరిజినల్లో, నేను ఎవరికీ ఇవ్వని ఫైల్లో, వాడి మార్కు. 22.

కాగితం మీద వేసుకుంటే రెండు నిమిషాల లెక్క. బయటి ఫోటో అంటే నా ఒరిజినల్ ప్లస్ నా మార్కు. వాడి ఒరిజినల్ అంటే అందులోంచి వాడి మార్కు మైనస్. మా ఒరిజినళ్ల మధ్య తేడా ఎటునుంచి చూసినా ఒకరి మార్కు ప్లస్, ఒకరిది మైనస్. 1000ని 1000 వర్గమూలంతో కాక 2000 వర్గమూలంతో భాగిస్తాం, 22 వస్తుంది. అద్దం ముందు నిలబడ్డట్టు ఇద్దరికీ ఒకటే సాక్ష్యం. స్కాట్ క్రేవర్, నాసిర్ మెమన్ వాళ్లు 1998లోనే దీన్ని చూపించారు, నేను ఇప్పుడు చదివాను. పేపర్లో చదివి ఉంటే ఇంత మండేది కాదు. పక్క సీటువాడు టీ తాగుతూ చేశాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

తాళం మన ఇష్టమొచ్చినట్టు ఎంచుకునే వీలు లేకుండా చెయ్యడమే దీనికి మందు. ఇప్పుడు నా తాళం బావ రా ఫైలు మొత్తానికి తీసిన ఎస్‌హెచ్‌ఏ-256, దానికి పుచ్చుకున్నవాళ్ల పేరు, బావ రహస్య పదం కలిపి మళ్లీ ఎస్‌హెచ్‌ఏ-256. అంటే మార్కు ఒరిజినల్ నుంచే పుట్టాలి. పక్క సీటువాడికి మార్కు ఉంటేగానీ ఒరిజినల్ తయారవదు, ఒరిజినల్ ఉంటేగానీ మార్కు పుట్టదు. చెట్టు ముందా విత్తు ముందా దగ్గర ఆగిపోయాడు. రెండు రోజులు ప్రయత్నించి, టీ ఇప్పించి లొంగిపోయాడు.

ఏ కాపీ ఎవరికి, ఏ తేదీన, రా ఫైలు హాష్ ఏంటి అని ఒక రిజిస్టరు పెట్టాం. నెలనెలా ఆ పట్టికని బావ తనకే ఈమెయిల్ చేసుకుంటాడు, తేదీ పడి ఉంటుందని. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ నమూనాలో హాష్ విలువ రాసే గడి ఉంది, ఎస్‌హెచ్‌ఏ-256 పేరుతో సహా. మనం ముందే రాసి పెట్టుకుంటే వెతుక్కునే పని ఉండదు.

చట్టం చదువుతుంటే ఇంకోటి తగిలింది. బావ పెళ్లి ఫోటోలకి కూడా మార్కు వేద్దామన్నాడు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. ఫోన్లో చదివి వినిపించాను.

"అయితే ఇరవై ఏళ్లుగా నేను తీసిన పెళ్లిళ్లన్నీ వాళ్లవా?"

"ఒప్పందం రాసుకోకపోతే అంతే బావా."

"గూడబాతు మాత్రం నాకు డబ్బులివ్వలేదు" అన్నాడు కాసేపాగి. రసీదు పుస్తకం వెనక ఒక లైను అచ్చు వేయించాలని అనుకున్నాం. ఆ లైను వకీలు చేత రాయించాలి, నా చేత కాదు.

మార్చి 9, ఆదివారం

ఓడిపోయిన చోటు కూడా రాయాలి. ఒక ఏఐ ప్రోగ్రాంకి మార్కు వేసిన ఫోటో ఇచ్చి "ఇదే బొమ్మ మళ్లీ గీయి" అన్నాను. గూడబాతు వచ్చింది, పిల్ల వచ్చింది, గూడు వచ్చింది. గూటి పుల్లలు మాత్రం ఒక్కటీ అవే కావు. స్కోరు 1.6. అది కాపీ కాదు, చూసి గీసింది. ఈ పద్ధతిలో దాన్ని పట్టుకోలేను, పట్టుకుంటానని బావకి మాటివ్వలేదు. గూగుల్ డీప్‌మైండ్ 2023 ఆగస్టులో సింథ్‌ఐడీ అనేది ప్రకటించింది. వాళ్ల ఏఐ గీసిన బొమ్మల్లో కనబడని మార్కు వేస్తుంది. మేం మనిషి తీసిందని మార్కు వేస్తుంటే వాళ్లు మనిషి తీయలేదని వేస్తున్నారు.

ఈ రోజు నుంచి వాడకం మొదలు. క్యాలెండరు గూడబాతే మొదటి ఫోటో, ఐదు కాపీలు, ఐదు తాళాలు. ఒకటి, రెండు బయటివాళ్లకి. మూడు అక్కకి, ఫోన్ వాల్‌పేపర్ కోసం అడిగింది. నాలుగు, ఐదు బావ దగ్గర ఖాళీగా.

మార్చి 16, ఆదివారం

పొద్దున ఆరున్నరకి నా టెన్త్ క్లాసు గ్రూపులో శుభోదయం వచ్చింది. గులాబీ పువ్వు, బంగారు రంగు అక్షరాలు, ఏదో సూక్తి. వెనకాల గూడబాతు, కింది మూల లేకుండా.

పళ్లు కూడా తోముకోకుండా లాప్‌టాప్ తెరిచాను. గులాబీ పడ్డ మేర ఒరిజినల్‌తో పూడ్చాను. సిఫ్ట్ గూటి పుల్లల్ని పట్టుకుంది. ఐదు తాళాలూ వేశాను.

ఒకటి: 0.3. రెండు: మైనస్ 1.4. మూడు: 11.6. నాలుగు: 0.8. ఐదు: మైనస్ 0.2.

అక్కకి ఫోన్ చేశాను.

"ఆ బొమ్మా? బాగుందని మన పిన్ని వాళ్ల గ్రూపులో పెట్టాలే. ఏం, పెట్టకూడదా?"

రిజిస్టరులో మూడో వరుస ఎదురుగా తేదీ, స్కోరు రాశాను. 'ఎవరి చేతిలోంచి' అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. సాయంత్రం బావ ఫోన్ చేస్తానన్నాడు.